బరువైన గిన్నె, కదిలిన కుమ్మరి

ఇంగ్లండ్ పశ్చిమాన, వేల్స్ సరిహద్దుకు దగ్గర్లో రాక్సెటర్ అని ఒక చిన్న ఊరుంది. రోమన్ల కాలంలో దాని పేరు విరోకోనియం, అప్పట్లో బ్రిటన్‌లోని పెద్ద పట్టణాల్లో అదొకటి. క్రీ.శ. రెండో శతాబ్దం రెండో సగంలో అక్కడి ఫోరం, అంటే ఊరి నడిబొడ్డున కచేరీలూ మార్కెట్టూ ఉండే చోటు, తగలబడిపోయింది. వరండా స్తంభాల దగ్గర అంగళ్లు పెట్టుకున్నవాళ్ల సరుకు పక్కనున్న కాలువలోకి దొర్లింది, దాని మీద కప్పు కూలింది, తర్వాత ఎవరూ వచ్చి ఏరుకోలేదు. 1920ల్లో డొనాల్డ్ అట్కిన్సన్ ఆ చోటు తవ్వించినప్పుడు అవన్నీ పడినవి పడినట్టే బయటపడ్డాయి: దొంతరలు దొంతరలుగా ఎర్రటి నిగనిగల సామియన్ పాత్రలు, కత్తులకు పదును పెట్టుకునే కొత్త సానరాళ్లు, ఒకదాంట్లో ఒకటి దూర్చి పేర్చిన మందపాటి గిన్నెలు.

మ్యూజియంలో జనం ఆగేది ఎర్ర పాత్రల దగ్గరే, అందులో తప్పేం లేదు, అవి నిజంగానే అందంగా ఉంటాయి. కానీ ఆ కాలపు కుండల వ్యాపారం ఎలా నడిచిందో, ఎక్కడ గిట్టిందో, ఎక్కడ గిట్టలేదో తెలుసుకోవాలంటే పక్కనున్న మొరటు గిన్నెనే అడగాలి. దాన్ని మోర్టేరియం అంటారు. బరువెక్కువ, ఖరీదు తక్కువ, వాడేకొద్దీ అరిగిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ కొనాలి, పైగా దాదాపు వందన్నరేళ్ల పాటు చాలామంది కుమ్మరులు దాని అంచు మీద పేరు అచ్చు వేసి అమ్మారు. ఇన్ని గుణాలు ఒకేచోట కలిసిన వంటింటి వస్తువు రోమన్ ప్రపంచంలో ఇంకోటి లేదేమో.

ముందు ఆ గిన్నె ఎలా ఉంటుందో చూద్దాం. వెడల్పు మామూలుగా జానెడు నుంచి మూరెడు దాకా, అంతకంటే పెద్దవి కూడా ఉన్నాయి. గోడలు మందం. పైఅంచు బయటికి వంగి, కిందికి వాలి, చుట్టూ పట్టీలా ఉంటుంది. నిండుగా ఉన్న గిన్నెను రెండు చేతులతో ఎత్తాలంటే పట్టుకునేది దాన్నే. అంచులో ఒకచోట వేలితో నొక్కి, మలిచి చేసిన ముక్కు ఉంటుంది, నూరింది వంచుకోవడానికి. అసలు పనితనం లోపల ఉంది. సారె మీద గిన్నె తీశాక, మట్టి ఇంకా పచ్చిగా ఉండగానే లోపలి గోడ మీద గట్టి రాతి నలుసులు చల్లి అదిమేవాళ్లు. ఎక్కడ ఏది దొరికితే అది: ఒకచోట తెల్ల పలుగురాయి, ఇంకోచోట చెకుముకిరాయి, మరోచోట ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం. ఆవంలో కాలాక ఆ నలుసులు మట్టిలో బిగుసుకుపోయి లోపలంతా గరుకుగా తయారవుతుంది. పెంకు ముక్కను చేతిలోకి తీసుకుని లోపలివైపు బొటనవేలు పెట్టి రాస్తే వాడకం ఎంతో తెలిసిపోతుంది, అంచు దగ్గర నలుసులు వేలికి గుచ్చుకుంటాయి, అడుగుకు దిగేకొద్దీ నున్నబడిపోతాయి. కొన్ని గిన్నెలకైతే అడుగు పూర్తిగా అరిగి బొక్క పడింది. అరిగిన ఆ రాయీ మట్టీ అంతా ఎక్కడికి పోయిందంటే, తిన్నవాళ్ల పొట్టలోకే. దాని గురించి అప్పట్లో ఎవరికీ పెద్ద టెన్షన్ ఉన్నట్టు లేదు.

ఇందులో ఏం నూరేవాళ్లు? లాటిన్‌లో ఒక పాత పద్యం ఉంది. సిములస్ అనే పేద రైతు తెల్లారకముందే లేచి వంట చేసుకోవడమే దాని కథంతా. పెరట్లోంచి వెల్లుల్లి పీకి తెస్తాడు, కొత్తిమీర లాంటి ఆకులు కోస్తాడు, ఉప్పు, గట్టిపడిన జున్ను వేసి నూరుతాడు, ఘాటుకు కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ముంజేత్తో తుడుచుకుంటూ తిడతాడు, చివర్లో నూనె చుక్కలు, కాస్త వెనిగర్ పోసి, వేళ్లతో గిన్నె చుట్టూ ఊడ్చి ఒక ముద్ద చేస్తాడు. రొట్టెలోకి అదే నంజుడు. రోటి పచ్చడి నూరడం చూసినవాళ్లకు ఈ పద్యం విడమరిచి చెప్పక్కర్లేదు. అపీకియస్ పేరు మీద చలామణీ అయిన రోమన్ వంటల సంకలనంలోనూ ఇదే వరస: ముందు మోర్టేరియంలో మిరియాలు వేయి, ఆ ఆకు వేయి, ఈ గింజ వేయి, నూరు, చేపల సాస్ పోయి. పెద్దింటి వంటకైనా పేదింటి నంజుడుకైనా మొదలు అక్కడే. రాతి రోళ్లు వాళ్లకూ ఉన్నాయి, కానీ రాయి చెక్కాలంటే పెద్ద పని, ఖరీదెక్కువ. మట్టి గిన్నెలో రాతి నలుసులు అతికించడం ఆ పనికి చవకైన దారి.

ఇక్కడ ఒక తొందరపాటు జరుగుతుంటుంది. బ్రిటన్‌లో క్రీ.శ. 43లో రోమన్ సైన్యం దిగాక ఈ గిన్నెలు విపరీతంగా పెరిగాయి, కాబట్టి అక్కడి జనం రోమన్ తిండికి అలవాటు పడిపోయారు అని చాలా పుస్తకాలు రాసేశాయి. గిన్నె వచ్చింది కాబట్టి వంటకం కూడా వచ్చింది అనుకోవడం చూడ్డానికి సబబుగానే ఉంటుంది. 2011లో బ్రిస్టల్, రీడింగ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పెంకుల్లో ఇంకిన కొవ్వుల్ని ల్యాబ్‌లో పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. మట్టికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి కదా, వండినప్పుడో నూరినప్పుడో జిడ్డు అందులోకి దూరి వేల ఏళ్లు నిలిచిపోతుంది. మోర్టేరియాల్లో మొక్కల తాలూకు మైనాలూ జంతువుల కొవ్వులూ కలిసి కనిపించాయి. అయితే మొక్కల్ని మాంసంతోనూ పాల పదార్థాలతోనూ కలిపి వండుకోవడం రోమన్లు రాకముందు స్థానికులు వాడిన కుండల్లోనూ ఉంది. అంటే తిండి తలకిందులేమీ కాలేదు, తయారుచేసే పద్ధతి కొంత మారింది, అంతే. కొన్ని గిన్నెలకు అంచున, అడుగున మసి కూడా కనిపిస్తుంది. రోమ్‌లో దేనికి వాడేవాళ్లో అన్న దాంతో నిమిత్తం లేకుండా ఎవరో పొయ్యి మీద పెట్టేశారు. మందులకో, ముఖానికి రాసుకునే వాటికో కూడా వాడి ఉండొచ్చని పరిశోధకుల మాట. వస్తువు అమ్మినవాడికి కొన్నవాడు దాన్ని ఏం చేసుకుంటాడో పట్టదు, వ్యాపారం గురించి మాట్లాడేటప్పుడు ఇది మర్చిపోకూడదు.

సరే, అమ్మినవాడి సంగతికొద్దాం. లండన్ నుంచి వాయవ్యంగా పోయే రోమన్ రోడ్డును ఇప్పుడు వాట్లింగ్ స్ట్రీట్ అంటారు. దాని పక్కన బ్రాక్లీ హిల్, రాడ్లెట్, ఇంకా ముందుకెళ్తే వెరులేమియం, అంటే ఇవాళ్టి సెంట్ ఆల్బన్స్. ఈ పట్టీ అంతా మొదటి శతాబ్దం చివర్లో మోర్టేరియాల తయారీకి పెట్టింది పేరు. అక్కడి కుమ్మరుల్లో అందరికంటే ఎక్కువ సరుకు వదిలినవాడు అల్బినస్. సుమారు క్రీ.శ. 60 నుంచి 90 దాకా పనిచేశాడు, అతని ముద్రలు వందల్లో దొరికాయి, బ్రిటన్‌లో ఇంకే మోర్టేరియం కుమ్మరికీ అన్ని లేవు. ముక్కుకు ఒక పక్క తన పేరు, రెండో పక్క ఇంకో ముద్ర: లుగుడునుంలో చేసింది అని. ఆ పేరు వినగానే ఫ్రాన్స్‌లోని లియాన్ గుర్తొస్తుంది, ఎందుకంటే దాని రోమన్ పేరు కూడా దాదాపు ఇదే. కానీ మట్టి చూస్తే వెరులేమియం చుట్టుపక్కలదే, గిన్నెలు ఎక్కువగా దొరికేదీ బ్రిటన్‌లోనే. కాబట్టి ఆ రోడ్డు పక్కనే ఎక్కడో అదే పేరుతో ఇంకో ఊరు ఉండి ఉండాలి. అల్బినస్ కొడుకు మాటుగెనస్ కూడా ఇదే పనిలోకి దిగాడు, ముద్రలో తన పేరుతో పాటు అల్బినస్ కొడుకుని అని కూడా అచ్చు వేశాడు. తండ్రి పేరు లాటిన్, కొడుకు పేరు కెల్టిక్. తండ్రి బ్రాండ్‌ను కొడుకు వాడుకోవడం అన్నమాట, మార్కెట్లో ఆ పేరుకు విలువ లేకపోతే అచ్చు మీద అంత చోటు దానికి కేటాయించడు.

అన్ని ముద్రలూ ఇంత ముచ్చటగా ఉండవు. చదువురాని కుమ్మరులు అక్షరాల్లా కనిపించే గీతలు గీసి అచ్చు చేసుకున్నారు, అందులో ఏ భాషా లేదు. కోల్చెస్టర్‌లో రెండో శతాబ్దంలో పేరు బదులు చేపముల్లు ఆకారంలో గీతలు వేసిన ముద్రలు బోలెడు వచ్చాయి. కొనేవాడు చదవడు, గుర్తు చూస్తాడు, కాబట్టి అది సరిపోయింది. నీన్ లోయలోని డ్యూరోబ్రివే నుంచి వచ్చిన ఒక గిన్నె మీద సెన్నియానస్ దీన్ని కాల్చాడు అనీ, ఇంకోదాని మీద కునోఆర్డా దీన్ని చేశాడు అనీ ఊరి పేరుతో సహా ఉంది. ఈ ముద్రలు దేనికి అన్న వాదన ఇంకా నడుస్తోంది. ఒకే ఆవంలో నలుగురు కుమ్మరుల సరుకు కలిపి కాల్చినప్పుడు ఎవరిది ఎవరిదో లెక్క తేల్చుకోవడానికని కొందరంటారు, కొనేవాళ్లకు గుర్తు కోసమని కొందరంటారు. రెండూ నిజమయ్యే అవకాశమే ఎక్కువ. అయితే లెక్క కోసమే అయితే ఆరిపోయే మట్టి మీద పుల్లతో ఒక గీత గీసినా సరిపోయేది, అచ్చు చెక్కించుకుని అంచు మీద అందరికీ కనబడేలా కొట్టాల్సిన పనిలేదు.

ముద్ర ఎలా ఉన్నా, గిన్నె పుట్టిన ఊరిని మట్టి దాచలేదు. పెంకులోంచి కాగితమంత పల్చటి పొర కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే అందులోని ఖనిజాలు కనిపిస్తాయి, లోపల చల్లిన నలుసులు ఎక్కడి రాయో చెబుతాయి. ఆక్స్‌ఫర్డ్‌షైర్ గిన్నెల్లో గులాబీ ఛాయ తిరిగిన పారదర్శకమైన పలుగురాయి, నీన్ లోయ గిన్నెల్లో నల్లటి ఇనుప చిట్టెం, సిరియా తీరం గిన్నెల్లో అగ్నిశిలల ముక్కలు. ముద్రలో పేరు, మట్టిలో ఊరు, తవ్వకంలో దొరికిన చోటు, ఈ మూడూ పక్కపక్కన పెడితే ఒక సరుకు ప్రయాణం మొత్తం తెలిసిపోతుంది. బ్రిటన్‌లో కే హార్ట్లీ అనే పరిశోధకురాలు ఈ ముద్రల మీద దశాబ్దాల పాటు పనిచేశారు, ఇవాళ ఏ తవ్వకంలో మోర్టేరియం అంచు దొరికినా దాని తేదీ చెప్పగలుగుతున్నారంటే దానికి పునాది చాలావరకు ఆమె వేసిందే.

ఇప్పుడు అసలు చిక్కు. ఇంత బరువైన చవక సరుకును దూరం మోస్తే ఏం మిగులుతుంది? క్రీ.శ. 301లో డయోక్లీషియన్ చక్రవర్తి ధరలకు గరిష్ఠ పరిమితులు పెడుతూ ఒక శాసనం చేశాడు. అందులో 1200 పౌన్ల బండి లోడుకు మైలుకు 20 దేనారియస్‌ల కిరాయి. రోమన్ పౌను మన లెక్కలో 330 గ్రాములకు కాస్త తక్కువ, అంటే బండి లోడు 390 కిలోల చిల్లర. మాట వరసకు గిన్నె 3 కిలోలనుకుంటే బండికి 130 పడతాయి, మధ్యలో కుక్కే గడ్డిని వదిలేద్దాం, పగిలేవాటినీ వదిలేద్దాం. 100 మైళ్లు తోలితే కిరాయి 2000 దేనారియస్‌లు, గిన్నెకు 15 పైన పడింది. అదే శాసనంలో పొలం కూలీకి భోజనం పెట్టి ఇచ్చే రోజు కూలి 25. ఒక మట్టి గిన్నె కిరాయే సగం రోజు కూలిని మించిపోతే ఇంక దాన్ని ఎవరు కొంటారు, ఖర్చు తడిసి మోపెడవుతుంది. అల్బినస్ కాలానికి ఈ శాసనం రెండొందల ఏళ్ల తర్వాతది, నాటి నాణెం విలువ వేరు, నిజమే. కానీ ఎడ్లు తినేదీ, బండి మోసేదీ మారలేదు, కాబట్టి కూలికీ కిరాయికీ మధ్య ఈ నిష్పత్తి పెద్దగా మారి ఉండదు. పడవ కిరాయి మాత్రం ఇందులో చాలా చిన్న వంతు. మధ్యధరా సముద్రం ఈ కొస నుంచి ఆ కొసకు ధాన్యం ఓడలో పంపడం కంటే అదే ధాన్యాన్ని బండి మీద 75 మైళ్లు తోలడానికి ఎక్కువవుతుందని చరిత్రకారులు ఈ శాసనం అంకెల నుంచే లెక్క కట్టారు.

అందుకే నీళ్లున్న చోట ఈ గిన్నెలు ఆశ్చర్యపోయేంత దూరం పోయాయి. ఇటలీలో టైబర్ నది లోయలో ఇటుకలూ పెంకులూ చేసే పెద్ద బట్టీలవాళ్లే మోర్టేరియాలు కూడా చేశారు. డొమిషియస్ లుకానస్, డొమిషియస్ టుల్లస్ అనే అన్నదమ్ములవి అలాంటి బట్టీలు, వాళ్ల మనుషుల పేర్లున్న ముద్రలు ఇటుకల మీదా, పెద్ద పెద్ద గాదె కుండల మీదా, ఈ గిన్నెల మీదా కనిపిస్తాయి. ఆ ఆస్తి వారసత్వంగా తిరిగి తిరిగి చివరికి మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి తల్లికి చేరింది, కాబట్టి ఇది చిన్నాచితకా వ్యవహారమేం కాదు. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో సాన్ రఫాయెల్ దగ్గర ద్రమాన్ అగ్రం పక్కన మునిగిన ఒక ఓడలో ఇలా ముద్రలున్న గిన్నెలు సరుకుగా దొరికాయి. రోన్ నదికి దగ్గర్లో ఆవోస్త్ అనే చోట అటీసియస్ కుటుంబం చేసిన గిన్నెలు ఆ నది వెంబడి స్విట్జర్లాండ్, జర్మనీ దాకా, బ్రిటన్ దాకా పోయాయి. మూడు, నాలుగు శతాబ్దాల్లో సిరియా ఉత్తర తీరంలోని రాస్ ఎల్ బసీత్ దగ్గర చేసిన ముదురు గోధుమ రంగు బరువు గిన్నెలు తూర్పు మధ్యధరా రేవులన్నిట్లో దొరుకుతాయి. రైన్ ప్రాంతంలో సోల్లర్ అనే చోట వెరెకుండస్ చేసిన గిన్నెలైతే మరీ భారీ సైజు, అవీ సముద్రం దాటి బ్రిటన్ చేరాయి. మ్యాపు మీద గుర్తులు పెట్టి చూస్తే అన్నీ రేవులకూ నదులకూ అంటుకుని ఉంటాయి.

మరి రోడ్డు తప్ప దారి లేని చోట? అక్కడే అసలు విశేషం. గైయస్ అట్టియస్ మారినస్ అనే కుమ్మరి ముద్రలు మూడు చోట్ల తయారైన గిన్నెల మీద ఉన్నాయి. సుమారు క్రీ.శ. 95 నుంచి 130 మధ్య అతను మొదట తూర్పు తీరంలో కోల్చెస్టర్‌లో పనిచేశాడు, తర్వాత రాడ్లెట్ వచ్చాడు, ఆ తర్వాత అదే వాట్లింగ్ స్ట్రీట్ పట్టుకుని ఇంకో 80 మైళ్లు పోయి వారిక్‌షైర్‌లో మాన్సెటర్, హార్ట్స్‌హిల్ ప్రాంతంలో ఆవం పెట్టాడు. పేరు అదే, చేయి అదే, మట్టి మారింది. బండికి కిరాయి కట్టి గిన్నెల్ని అంత దూరం పంపే బదులు మనిషే అచ్చు సంచిలో వేసుకుని నడిచాడు. తెల్లగా కాలే మంచి మట్టి అక్కడ దొరికింది, ఉత్తరాన సైనిక శిబిరాలు దగ్గరయ్యాయి, సైన్యం జీతం నాణేల్లో తీసుకునే జనం కాబట్టి గిరాకీకి కొదవలేదు. అతను ఒక్కడే కాదు, రెండో శతాబ్దం గడిచేకొద్దీ వెరులేమియం వైపు ఆవాలు తగ్గుతూ మాన్సెటర్ వైపు పెరిగాయి. ఉత్తర బ్రిటన్‌కు దాదాపు రెండున్నర శతాబ్దాల పాటు గిన్నెలు సప్లై చేసింది ఆ ప్రాంతమే.

అదే ప్రాంతపు సారియస్ కథ ఇంకా ముందుకు పోతుంది. సుమారు క్రీ.శ. 135 నుంచి 170 మధ్య ఇతని ముద్రలు మాన్సెటర్ మట్టి మీదే కాక డాంకాస్టర్ దగ్గర రాసింగ్టన్ బ్రిడ్జ్‌లో చేసిన గిన్నెల మీదా ఉన్నాయి, స్కాట్లండ్‌లో రోమన్లు సరిహద్దుగా కట్టిన ఆంటొనైన్ గోడ మీద బేర్స్‌డెన్ కోట దగ్గర చేసినవాటి మీదా ఉన్నాయి. ఈ మూడూ ఒకే కాలానివి. ఒకే మనిషి మూడు చోట్లా సారె తిప్పలేడు కదా, కాబట్టి ఇవి బ్రాంచీలు. పనివాళ్లనో బంధువులనో అచ్చు ఇచ్చి పంపి ఉండాలి. ఆంటొనైన్ గోడ కట్టడం 142లో మొదలైంది, 160ల్లో సైన్యం దాన్ని వదిలేసి వెనక్కొచ్చింది. ఆ ఇరవై ఏళ్ల గిరాకీ కోసం కుమ్మరి గోడ దాకా మనుషుల్ని పంపాడంటే లెక్కలు గట్టిగానే వేసుకున్నాడు. కోల్చెస్టర్ కుమ్మరులు మాత్రం అదే గోడకు గిన్నెలు నేరుగా పంపారు, ఎందుకంటే వాళ్లకు తూర్పు తీరం వెంబడి ఓడ ఉంది. ఒకే కోటలో ఒకే కాలంలో వాడిన రెండు గిన్నెల్లో ఒకటి వందల మైళ్ల నుంచి నీళ్ల మీద వచ్చింది, ఇంకోటి పక్కనే పుట్టింది, రెండోదాని కుమ్మరి పేరేమో దక్షిణాన మాన్సెటర్‌లో పేరు మోసిన కుమ్మరిది. దూరాన్ని మైళ్లలో కాక కిరాయిలో కొలిచారంటే అర్థం ఇదే.

సామియన్ పాత్రల లెక్క దీనికి పూర్తిగా వేరు, అందుకే వాటిని చూసి కుండల వ్యాపారం మొత్తాన్నీ అంచనా వేస్తే తప్పుతుంది. దక్షిణ ఫ్రాన్స్‌లో మియో పట్టణం దగ్గర లా గ్రోఫెసెంక్ అని కుమ్మరుల ఊరు. ఓడ రేవుకు చేరాలంటే కొండలు దాటాలి, కంచరగాడిదల మీద మోయాల్సిందే. అయినా వాళ్ల పాత్రలు బ్రిటన్ నుంచి మధ్యధరా దాకా పోయాయి. ఎందుకంటే అవి పల్చన, ఒకదాంట్లో ఒకటి చక్కగా ఇముడుతాయి, బొమ్మల పనితనం ఉంది, జనం మోజు పడి కొంటారు, కాబట్టి కిరాయి పోను ఇంకా మిగులుతుంది. ఇటలీలోని పొంపేయీ పట్టణం మీద వెసూవియస్ అగ్నిపర్వతం విరుచుకుపడిన క్రీ.శ. 79లో అక్కడి ఒక ఇంట్లో కట్టు విప్పని పెట్టె ఒకటుంది, అందులో ఈ గాలియా దేశపు, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతపు, బొమ్మల గిన్నెలు 90, ఉత్తర ఇటలీ మట్టి దీపాలు నలభైకి దగ్గరగా. ఎర్ర పాత్రలు మొదట ప్రసిద్ధి చెందింది ఇటలీలోని అరెత్సోలో, ఇప్పుడు గాలియా సరుకు ఇటలీకే దిగుమతి అవుతోంది. ఆ పెట్టె గురించి 1914లో రాసింది కూడా రాక్సెటర్ తవ్విన అట్కిన్సనే.

లా గ్రోఫెసెంక్‌లో ఆవంలోకి ఎక్కించిన సరుకు లెక్కల్ని పళ్లేల వెనక గీకి రాసుకున్నారు, లాటిన్, గాలిష్ భాషలు కలగాపులగంగా. ఎవరివి ఎన్ని పళ్లేలు, ఎన్ని కప్పులు, మొత్తం వేలల్లో. ఆ జాబితాల్లో మోర్టేరియాలు కూడా ఉన్నాయి, సామియన్ రకానివి. ఈ పళ్లేలు కుండల వ్యాపార చరిత్రలో దొరికిన అన్నిటికంటే విలువైన కాగితాలు, కాగితాలు కాకపోయినా. కుమ్మరులు విడివిడిగా చేసి, ఆవం కలిసి వాడుకున్నారని వాటివల్లే తెలిసింది. మోజున్న ఈ ఎర్ర పాత్రల వ్యాపారంలో కూడా మనిషి కదలడం చవక అని గ్రహించినవాళ్లున్నారు. అరెత్సో కుమ్మరి అటేయస్ పనిని పీసాకూ, లియాన్‌కూ విస్తరించాడు, పీసా అయితే రేవు పక్కన, లియాన్ అయితే రైన్ నది వెంబడి ఉన్న సైన్యానికి దగ్గర.

కుండలు వాటంతట అవే ఓడ నింపింది తక్కువ, అది కూడా గుర్తుంచుకోవాలి. ఓడ కదిలేది ధాన్యం, నూనె, ద్రాక్షసారా కోసం. కుండలు మధ్యలో మిగిలిన ఖాళీల్లో ఎక్కేవి, కిరాయి ఎంత తక్కువైనా ఓడవాడికి అది అదనమే. రోమ్‌లో టెస్టాచో అనే గుట్ట ఉంది, 35 మీటర్ల ఎత్తు, మొత్తం పగిలిన ఆంఫొరా జాడీల పెంకులే, ఎక్కువ భాగం స్పెయిన్ దక్షిణం నుంచి ఆలివ్ నూనె తెచ్చినవి. మొత్తం 5 కోట్ల జాడీలు దాటుతాయని ఒక అంచనా. ఒక్కోటి ఖాళీగానే 30 కిలోల దాకా తూగుతుంది, పడితే 70 లీటర్ల నూనె. అవి కుండల వ్యాపారానికి గుర్తు కాదు, నూనె వ్యాపారానికి గుర్తు. కోల్చెస్టర్ గిన్నెలు ఆంటొనైన్ గోడకు చేరింది కూడా సైన్యానికి ధాన్యం మోసే ఓడల్లోనే అయ్యుండాలి.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో చూపించే ఉదాహరణ మన తీరంలోనే ఉంది. 1945లో మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వినప్పుడు ఇటలీ ఎర్ర పాత్రల పెంకులూ ఆంఫొరా ముక్కలూ దొరికాయి. వాటితో పాటు లోపల అడుగున సన్నటి చుక్కల వలయాలు గీసిన నున్నటి పళ్లేలు కూడా దొరికితే, ఆ పని మధ్యధరా పద్ధతి అని ఆయన తీర్మానించాడు. అలాంటి పళ్లేలే అమరావతిలోనూ, శ్రీకాకుళం జిల్లా శాలిహుండంలోనూ, ఇంకా తూర్పు తీరమంతా, శ్రీలంకలో, బాలి దీవిలో కూడా బయటపడ్డాయి. చాలా ఏళ్ల పాటు వీటిని చూపించి ఫలానా చోటికి రోమన్లు వచ్చారని రాసుకున్నారు. మట్టిని పరీక్షిస్తే అవి భారతదేశంలోనే చేసినవని తేలింది. అంటే బంగాళాఖాతం చుట్టూ మన ఓడలు తిరిగిన గుర్తును కొన్ని దశాబ్దాల పాటు రోమన్ల ఖాతాలో వేశామన్నమాట. సారియస్ గిన్నెల పేరు చూసి అన్నీ మాన్సెటర్‌లోనే పుట్టాయి అనుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే, మట్టిని అడగకుండా పోలికను నమ్మడం.

బ్రిటన్‌లో ముద్రలు వేయడం సుమారు క్రీ.శ. 200 నాటికి దాదాపు ఆగిపోయింది. వ్యాపారం తగ్గి కాదు. ఆక్స్‌ఫర్డ్‌షైర్ ఆవాలు ఆ తర్వాతే ఊపందుకుని నాలుగో శతాబ్దంలో దక్షిణ బ్రిటన్ అంతా పరుచుకున్నాయి, యార్క్‌షైర్‌లో క్రాంబెక్ ఉత్తరాన్ని అందుకుంది, మాన్సెటర్ కూడా నడుస్తూనే ఉంది. చూడబోతే పేరున్న కుమ్మరి పోయి పేరున్న ప్రాంతం మిగిలింది, ఫలానా రంగు మట్టి, ఫలానా నలుసులు ఉంటే కొనేవాళ్లకు అదే చాలు. ప్రాంతాలు పెద్దవయ్యేకొద్దీ దూరం నుంచి వచ్చే దిగుమతులూ తగ్గాయి, గాలియా నుంచీ రైన్ నుంచీ తెప్పించుకోవాల్సిన అవసరం దాదాపు లేకుండా పోయింది.

ఆ తర్వాత అంతా ఒక్కసారిగా పడిపోయింది. క్రీ.శ. 402 తర్వాత బ్రిటన్‌కు కొత్త నాణేలు రావడం దాదాపు ఆగిపోయింది, 410 ప్రాంతానికి రోమన్ పాలన ముగిసింది, ఒక తరం తిరిగేసరికి సారె మీద పెద్ద ఎత్తున కుండలు చేయడమే కనబడకుండా పోయింది. ఆక్స్‌ఫర్డ్‌షైర్ మట్టికి ఏమీ కాలేదు, పలుగురాళ్లకు ఏమీ కాలేదు, ఆవం కాల్చే పద్ధతి తెలిసినవాళ్లు కూడా రాత్రికి రాత్రి చచ్చిపోలేదు. జీతం తీసుకుని కొనే సైనికుడు లేడు, చిల్లర నాణేలు లేవు, వారానికోసారి సంత సాగే పట్టణాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మూడు కిలోల మట్టి గిన్నెను ఇరవై ముప్ఫై మైళ్లు మోసుకెళ్లి అమ్మినా గిట్టుబాటు కావాలంటే ఇవన్నీ ఉండాలి. సిములస్ లాంటి రైతు నూరుకోవడానికి చెక్క తొట్టో రాయో సరిపోతుంది, కానీ దాన్ని కొనాల్సిన పనిలేదు, కాబట్టి అమ్మే కుమ్మరి అవసరమూ లేదు.